ఇరవై ఆరో పిన్ను

"నా అజాగ్రత్త వల్ల ల్యాబులోని కంప్యూటర్ బోర్డు కాలిపోయినది" అని రాసిన కాగితాన్ని నా ముందు పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించారు సార్. అది శుక్రవారం మధ్యాహ్నం. ఆ చోటు చూశాను, ఆయన వేలు చూశాను. పెన్ను మూత కూడా తియ్యలేదు.

ఎనభైల్లో మాట ఇది. కాగితాల్లో మహబూబాబాద్ అని రాస్తారు గానీ మాకు అది మానుకోటే. అక్కడ ఒక కాలేజీలో కొత్తగా పెట్టిన ఎలక్ట్రానిక్స్ కోర్సుకు నేను ల్యాబ్ అసిస్టెంటును. టెంపరరీ ఉద్యోగం, చెయ్యెత్తి పొమ్మంటే పోవాల్సిందే. సార్ మా లెక్చరర్, కోస్తా నుంచి వచ్చినవారు. పాఠం బాగా చెప్పేవారు, అది దాచిపెడితే నాకు పాపం తగులుతుంది. కానీ నేను నోరు తెరిచానంటే చాలు, ఆయన మీసాల కింద నవ్వు కదిలేది. సోమవారం హైదరాబాద్ నుంచి తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడు. ఆ రోజు బోర్డు ఆడితే కోర్సు నిలబడుతుంది, నా ఉద్యోగం ఇంకో ఏడు నడుస్తుంది. ఆ కాగితం మీద సంతకం పెడితే మాత్రం తప్పు నాదవుతుంది, కోర్సు మిగిలినా నేను మిగలను.

ఆ బోర్డు సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పటి పిల్లలు కంప్యూటర్ అంటే తెరా, మౌసూ అనుకుంటారు. మాది పెద్ద నోటుపుస్తకమంత పచ్చటి పలక. దాని మీద నల్లటి చిప్పులు, కొన్ని మీటలు, ఎర్రగా అంకెలు వెలిగే చిన్న కిటికీ. అదే కంప్యూటరు. అంకెలు నొక్కి పని చెబితే అంకెల్లోనే జవాబిచ్చేది. దాని అంచున రెండు వరుసల్లో ముళ్లలాగా పిన్నులు, వరుసకు పదమూడు చొప్పున ఇరవై ఆరు. బయటి సామాను ఏది తగిలించాలన్నా వాటికే తగిలించాలి. ఎనిమిది చిన్న ఎర్రదీపాలున్న కార్డు ఒకటి తయారుచేసి, దీపాలు ఒకదాని తర్వాత ఒకటి పరిగెత్తేలా చెయ్యడం మా పని. ఆఫీసరుకు చూపించాల్సింది అదే.

బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఆ ఇరవై ఆరు పిన్నుల జాబితా ఉంది. ఇరవై అయిదోది ఐదు వోల్టులు, ఇరవై ఆరోది ఎర్తు, మిగతావి ఫలానా ఫలానా అని. బొమ్మ మాత్రం లేదు. ఒక మూల పిన్ను పక్కన చీమ తలకాయంత త్రికోణం గుర్తు పెట్టి, ఇదే ఒకటి అనుకోండి అని వదిలేశారు. అక్కణ్నుంచి రెండోది ఏది? పక్కదా, ఎదురుదా? గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ లెక్క పెట్టింది నేనే. సార్ అడిగితే, నడుం మీద చెయ్యి పెట్టుకుని మరీ చెప్పాను. ఎందుకంటే కాళ్లు లెక్కపెట్టడం మా ఇంటి విద్య.

మాది జనగామ. మా నాయినకు అక్కడ రేడియో రిపేరు దుకాణం. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చినప్పుడు బడులు మూతబడ్డాయి. అమ్మ పొలం పనికి పోయేది, నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక దుకాణంలో దింపేది. తోటి పిల్లలు పలక మీద ఒకట్లూ పదులూ దిద్దే వయసులో నేను వాల్వుల కాళ్లు లెక్కపెట్టాను. గాజు బుడ్డిలాంటి వాల్వును నాయిన తలకిందులు చేసి నా అరచేతిలో పెట్టేవాడు. కాళ్లన్నీ గుండ్రంగా ఉంటాయి, ఒకచోట మాత్రం సందు ఉంటుంది. ఆ సందు దగ్గర మొదలుపెట్టి, గడియారం ముల్లు తిరిగినట్టు లెక్కపెట్టాలి. మా బజారు మెకానిక్కులు ఎవరూ వాల్వును పైనుంచి చూసి లెక్కపెట్టరు. రేడియోను గొంగడి మీద బోర్లించి, అడుగు నుంచే చూస్తారు. పని అంతా అడుగునే ఉంటుంది కాబట్టి.

కాలేజీలో చేరిన కొత్తలో సార్ చిప్పు చేతిలో పట్టుకుని, గాడి దగ్గర మొదలుపెట్టి గడియారానికి ఎదురుగా లెక్కపెట్టాలని క్లాసుకు చెప్పారు. నేను వెనక నిలబడి ఉన్నదాన్ని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అడుగు నుంచి చూస్తే గడియారం తీరుగ సక్కగనే తిరుగుతది సార్ అన్నాను. నేను చెప్పింది నిజమే. కానీ ఆయన "తిరుగుతది" అని నా మాటనే సాగదీసి పలికారు. క్లాసులో సగంమంది మా దిక్కు పిల్లలే. వాళ్లూ నవ్వారు. ఆ నవ్వుకు ఒళ్లు మండిపోయింది. ఆయన నవ్వితే నవ్వాడు, మీకేం వచ్చిందిరా అనుకున్నాను. ఆ రోజు నుంచి కాళ్ల లెక్క అంటే నా పంతమైపోయింది.

కాబట్టి అంచు పిన్నుల దగ్గరికి వచ్చేసరికి నాకు అనుమానమే కలగలేదు. త్రికోణం దగ్గర ఒకటి, ఆ వరుస చివర పదమూడు, అక్కడ మలుపు తిరిగి రెండో వరుసలో వెనక్కి వస్తే ఇరవై ఆరు. అంటే ఒకటికి సరిగ్గా ఎదురు ఇరవై ఆరు. చిప్పుకు అంతే, వాల్వుకు అంతే, దీనికీ అంతే. సార్ కూడా సరేనన్నారు. పాత టెలిఫోన్ కేబులు విప్పి, అందులోని రంగురంగుల తీగలు తీసి, కార్డుకూ కనెక్టరుకూ నేనే టంకం పెట్టాను. గురువారం తగిలించాం. బోర్డు మీద అంకెలు వెలిగాయి, కార్డు మీద ఒక్క దీపం వెలగలేదు. సార్ ప్రోగ్రాం మూడుసార్లు సరిచూసుకున్నారు. శుక్రవారం పొద్దున ఇంకోసారి చూసుకున్నారు. మధ్యాహ్నానికి కాగితం తయారైంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది కదా అని అప్పటికప్పుడు అనేశాను. అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం ఎర్రబడింది. తీగలు నువ్వే అతికించావు, చిప్పు నీ చేతుల్లోనే పోయింది అన్నారు. కాలితే వాసన రావాలి, ఈ గదిలో వాసన లేదు అన్నాను. వాసన విషయంలో నా ముక్కు ఎప్పుడూ మోసపోలేదు. మాడిన ట్రాన్స్‌ఫార్మరును బజారు అవతలి నుంచి పట్టేదాన్ని.

"ఇవి మీ నాన్న రేడియోలు కావమ్మా. చిప్పులు చప్పుడు లేకుండా, వాసన లేకుండా కూడా పోతాయి," అన్నారు సార్.

అదీ నిజమే. అందుకే మరింత కోపం వచ్చింది. కాగితం అక్కడే వదిలేసి ప్రిన్సిపాల్ గదికి పోయాను. ఆయన మా దిక్కు పెద్దమనిషి, గట్టిగా మాట్లాడటం ఎరగడు. తనిఖీ ముందర రచ్చ ఎందుకని, సంతకం పెడితే తానే ఏదో ఒకటి చూస్తానని చాలాసేపు నచ్చజెప్పాడు. నేను కాల్చలేదు, పెట్టను, అంటూ నిలబడ్డాను. చివరికి విసిగిపోయి సొరుగులోంచి ల్యాబు తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు.

"సోమారం పది దాంక టైమిస్తున్న బిడ్డా. అప్పటిదాంక దీపాలు ఎలగకపోతే సంతకం వెట్టాలె మరి," అన్నాడు.

శనివారమంతా ఇంకో కోర్సు పరీక్షలకు నన్ను కాపలా వేశారు. సాయంత్రం ప్యాసింజరు ఎక్కి జనగామ వచ్చేశాను. దారి పొడుగునా తాళంచెవిని గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాను. నేనే కాల్చానేమో అన్న భయం వరంగల్ దాటాక మొదలైంది. పైకి ఎంత ఎగిరినా ఆ భయం జనగామ దాకా పోలేదు, అబద్ధం ఎందుకు.

నాయిన దుకాణంలోనే ఉన్నాడు. అప్పటికి ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వు సెట్లు తగ్గిపోయాయి. పాలకుర్తి దిక్కు నుంచి ఎవరో ఒకరు పాత సెట్టును సైకిలుకు కట్టుకుని తెస్తే ఆ రోజు ఆయనకు పండగ. జరిగిందంతా చెప్పాను. నాయిన దీపాల సంగతి అడగలేదు, బోర్డు సంగతి అడగలేదు.

"సంతకం వెట్టినవా?" అన్నాడు.

లేదన్నాను. చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. ఆ తర్వాత చెప్పాడు, నాకు అప్పటిదాకా సగమే తెలిసిన సంగతి. ఉద్యమం నాడు వార్తల వేళకు మా దుకాణం ముందు జనం మూగేవారు. అది నాకూ గుర్తే, కాళ్ల మధ్య నుంచి దూరి లోపలికి పోయేదాన్ని. ఒక సాయంత్రం పోలీసు జీపు దిగిన ఒకాయన జనాన్ని చెదరగొట్టి, వార్తలు వినిపిస్తున్న సెట్టును తీసుకుని, నాయిన ముందు ఇంగ్లీషు కాగితం పెట్టాడు. సెట్టు రేపు ఇచ్చేస్తాం, సంతకం పెట్టు అన్నాడు. నాయినకు ఇంగ్లీషు రాదు. పెట్టేశాడు. గుంపును నేనే కూడగట్టాను, సెట్టు నాదే, అప్పగిస్తున్నాను అని అందులో ఉందట. సెట్టు మళ్లీ రాలేదు.

ఆ సెట్టు మాది కాదు. భూపాలపల్లి దిక్కున మొగుళ్లపల్లి మా అమ్మ పుట్టిన ఊరు. మా మేనమామ రిపేరుకు పంపిన సెట్టు అది. మామ ఒక్క మాట కూడా అనలేదు. అయినా నాయిన ఆ ఊరికి పెళ్లికి పోలేదు, చావుకు పోలేదు. ఆయనకు ప్రయాణం పడదని అమ్మ మాకు చెబుతూ వచ్చింది. మేమూ నమ్మాం.

"నేను భయపడి వెట్టిన బిడ్డా. నువ్వు వెట్టకు," అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. నాకు ఏడుపు వస్తే అది కోపంగానే బయటికి వస్తుంది. నువ్వు నేర్పినట్టే లెక్కపెట్టాను, నీ లెక్క వల్లే ఇదంతా అని ఆయన మీదే విరుచుకుపడ్డాను. ఆయన ఏమీ అనుకోలేదు. కాళ్ల లెక్క రెండో పాఠం కదా, మొదటి పాఠం ఏంటి అని అడిగాడు. అది నాకు తెలుసు. ఏ సెట్టు బోర్లించినా ముందు, ఏది దేనికి కలిసిందో ముల్లుతో చూపించే మీటరు తీసి ఎర్తు ఎక్కడుందో వెతకాలి. లెక్క తర్వాత. ఎవడి లెక్కనూ నమ్మొద్దు, మీటరు ముల్లును నమ్ము అని ఆయన నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. నేను మీటరు పెట్టనేలేదు. పంతం కొద్దీ లెక్కపెట్టి, పంతం కొద్దీ టంకం పెట్టాను. సార్ నవ్వినందుకు సార్‌కు నా విద్య చూపించాలనుకున్నాను, విద్యలో మొదటి పాఠమే వదిలేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం నాయిన తన మీటరు తుడిచి, బ్యాటరీ మార్చి, పాత తువ్వాలులో చుట్టి ఇచ్చాడు. ఆ మీటరును ఆయన ఎవరికీ అరువు ఇచ్చేవాడు కాదు. సోమవారం మొదటి బండికే మానుకోటలో దిగి, ఏడున్నరకు ల్యాబు తలుపు తీశాను.

బోర్డుకు కరెంటు ఇవ్వలేదు. దీపాలను నడిపించే నలభై కాళ్ల చిప్పు మీద ఏ కాలు ఏదో గోడ మీది పటంలో ఉంది. దాని ఏడో కాలు ఎర్తు. మీటరు నల్లతీగ దానికి ఆనించి, ఎర్రతీగను అంచు పిన్నుల దగ్గరికి తెచ్చాను. నా లెక్క ప్రకారం ఇరవై ఆరోది, అంటే త్రికోణానికి ఎదురుది, అక్కడ ముట్టించాను. ముల్లు కదల్లేదు. గట్టిగా ముట్టించాను, అయినా కదల్లేదు. అప్పుడు ఒక్కో పిన్నూ తాకుతూ పోయాను. రెండో వరుస అంతా పోయి, త్రికోణానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల పిన్ను తాకగానే ముల్లు అటు చివరికి కొట్టుకుంది. ఎర్తు అక్కడుంది! ఐదు వోల్టుల పిన్ను కోసం వెతికితే అది సరిగ్గా దానికి ఎదురు దొరికింది. ఇరవై అయిదు, ఇరవై ఆరు ఎదురెదురుగా కూర్చున్నాయి.

అంటే లెక్క చుట్టూ తిరగడం లేదు. పెళ్లిలో రెండు బంతులు ఎదురెదురుగా కూర్చుంటే వడ్డించేవాళ్లు రెండు రకాలు. కొందరు ఒక బంతి పొడుగునా వడ్డించుకుంటూ పోయి, రెండో బంతి మీదుగా వెనక్కి వస్తారు. చిప్పు లెక్క అలాంటిది. కొందరు మధ్యలో నడుస్తూ ఒక విస్తరి ఇటు, ఒక విస్తరి అటు వేసుకుంటూ ముందుకే పోతారు. ఈ పిన్నుల లెక్క అలాంటిది. ఒకటికి ఎదురు రెండు, మూడుకు ఎదురు నాలుగు. అనుమానం తీరక దీపాలకు పోయే ఎనిమిది కాళ్లూ ఒక్కొక్కటే ముట్టించి చూశాను. అన్నీ అలాగే కలిశాయి. నేను కరెంటు తీగలను దీపాల కార్డుకు ఎక్కడెక్కడి పిన్నుల నుంచో లాగాను. దీపాలు వెలగమంటే ఎక్కణ్నుంచి వెలుగుతాయి? చిప్పు కాలలేదని ఇంకా రుజువు కాలేదు. కానీ కాలిందని చెప్పడానికి ఉన్న ఒక్క కారణమూ పోయింది.

పది అతుకులు విప్పి, పది అతుకులు మళ్లీ పెట్టాలి. ఆరో అతుకు దగ్గర ఉండగా సార్ వచ్చారు. ఎవరు ముట్టుకోమన్నారని అడిగారు. ప్రిన్సిపాల్ తాళంచెవి ఇచ్చాడని చెప్పాను, తల ఎత్తలేదు. టైం తొమ్మిదింబావు. ఆయన జేబులో ఆ కాగితం మడత బయటికి కనిపిస్తూనే ఉంది. ఇరవై ఆరో పిన్ను ఎక్కడుందో మీరే చూడండి అని మీటరు ఆయన వైపు జరిపాను. చూడరనుకున్నాను. చూశారు. ముందు త్రికోణానికి ఎదురు పిన్ను ముట్టించారు, తర్వాత చివరి మూల పిన్ను ముట్టించారు. ముల్లు కొట్టుకోవడం చూసి మళ్లీ ఇంకోసారి ముట్టించారు. ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, నేను టంకం పెడుతుంటే తీగలు కదలకుండా పట్టుకున్నారు.

తొమ్మిది నలభైకి కరెంటు ఇచ్చాం. సార్ అంకెలు నొక్కారు. మొదటి దీపం వెలిగింది, ఆరిపోయింది, రెండోది వెలిగింది. ఎనిమిదోదాకా పరిగెత్తి మళ్లీ మొదటికి వచ్చింది. నేను గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. కాలిన వాసన లేదు, టంకం వాసన ఒక్కటే.

ఆఫీసరు పదకొండుకు వచ్చాడు. దీపాలు చూశాడు, టీ తాగాడు. ఈ కనెక్టరు లెక్క పుస్తకంలో లేదు కదా, ఎట్ల పట్టుకున్నారని అడిగాడు. సార్ నా వైపు చెయ్యి చూపించి, ఆమె పట్టుకుంది అన్నారు. ఆ మాట కోసం ఆయనకు నేను ఎంతో కొంత రుణపడి ఉన్నాను. నన్ను చెప్పమంటే మా మాటల్లోనే చెప్పాను, బంతులూ వడ్డనా అంటూ. చుట్టూ నిలబడ్డ క్లాసు పిల్లల్లో ఎవరూ నవ్వలేదు.

ఆఫీసరు పోయాక సార్ జేబులోంచి కాగితం తీసి చించబోయారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. చిరిగిపోతే జరగనట్టే ఉంటుంది. జరిగింది. నాకివ్వండి అన్నాను. తిప్పి, వెనక ఖాళీ వైపు స్కేలు పెట్టి ఇరవై ఆరు పిన్నుల బొమ్మ గీశాను. ఒకటి ఇటు, రెండు అటు, చివరిదాకా అంకెలు వేశాను. కింద తెలుగులో రాశాను: మొదట నేను తప్పు లెక్కపెట్టాను, మీటరు పెట్టి చూశాక ఇది సరైన లెక్క, బోర్డు కాలలేదు. దాని కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. మైదాపిండి ఉడికించి, సార్ రాసిన వైపంతా జిగురు పూసి, ల్యాబు గోడకు అతికించేశాను. సార్ చూస్తూ నిలబడ్డారు. ఒక మూల పైకి లేస్తే ఆయనే అరచేత్తో అదిమారు.

ఆ శనివారం మీటరు తిరిగి ఇవ్వడానికి జనగామ పోయాను. నాయిన తువ్వాలు విప్పకుండానే మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

"సంతకం వెట్టినవా?"

పెట్టానన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. ఎక్కువసేపు ఏడిపించడం ఇష్టంలేక, కాగితం వెనక పెట్టానని, రాసిన వైపు గోడకు అతికించానని చెప్పాను. మొదట ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు మొదలైంది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తువ్వాలు కొసతోనే తుడుచుకున్నాడు, మళ్లీ వచ్చాయి, మళ్లీ తుడుచుకున్నాడు. అప్పుడు అది నవ్వు కాదని నాకు తెలిసింది.

"నాది గూడ గట్లనే అతికియ్యాల్సుండె బిడ్డా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి, ఉతికిన ధోవతి కట్టుకుని, మొగుళ్లపల్లి బస్సెప్పుడని అమ్మను అడిగాడు.